క్యారేజీ పంపండి, నోటూ తిరగరాయించుకోండి

ప్రశ్న: వందనాలు అక్కా. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, నాకు నలభై ఆరేళ్లు. రెండేళ్ల కిందట మా అత్తగారు పోయినప్పుడు ఆవిడ నానుతాడు, రెండు జతల గాజులు కనబడలేదు. నేనే తీశానని మా పెద్ద తోడికోడలు సంఘంలో నలుగురికీ చెప్పింది. నేను తీయలేదు. అప్పటినుంచి మాటల్లేవు, మందిరంలో చెరో పక్క కూర్చుంటాం. అంతకు ముందే మా బావగారు మా దగ్గర నూటికి రూపాయి వడ్డీకి రెండున్నర లక్షలు తీసుకుని నోటు రాసిచ్చారు. ఒక్క పైసా ఇవ్వలేదు, ఇంకో రెండు నెలల్లో నోటుకు మూడేళ్లు నిండిపోతాయి. ఇంతలో పోయిన వారం ఆ తోడికోడలే, మా అక్క, బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. కొడుకూ కోడలూ అమెరికాలో ఉన్నారు, బావగారికి స్టవ్ వెలిగించడం కూడా రాదు. మా ఆయన రోజూ క్యారేజీ పంపుదాం అంటున్నారు. పాస్టర్ గారేమో మేలు చేత కీడును జయించమని చెప్పి, విశ్వాసి మీద విశ్వాసి కోర్టుకు వెళ్లకూడదు, ఆ నోటు సంగతి మర్చిపోండి అన్నారు. క్యారేజీ పంపితే తప్పు చేసింది కాబట్టే తగ్గింది అనుకోరా? శత్రువు ఆకలిగొంటే భోజనం పెట్టు, అలా చేస్తే అతని "తలమీద నిప్పులు కుప్పగా పోయుదువు" అన్న మాట చదివి, నిజం చెప్పొద్దూ, సంతోషించాను. ఆవిడ పడిందని తెలిసినప్పుడూ సంతోషించాను. అదే ఇంకా భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లెమ్మా, వందనాలు. క్యారేజీ పంపండి. నోటు తిరగరాయించుకోండి. రెండూ చేయండి, రెండు నెలలు దాటకుండా చేయండి, కానీ రెండూ ఒకే రోజు చేయకండి. ఇక్కడితో ఆపేసినా మీరడిగినదానికి జవాబు అయిపోయినట్టే. కానీ మీ ఉత్తరం చివర రాసిన ఆ సంతోషం మాట నన్ను వదల్లేదు, అందుకే కాస్త కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ సంతోషం సంగతే చూద్దాం. మనకు కీడు చేసినవాళ్లు పడితే లోపల ఏదో చల్లగా అనిపించడం మీ ఒక్కరికే ఉన్న జబ్బు కాదు. అలాంటిది మనుషులకు ఉంటుందని తెలిసే సామెతల గ్రంథం 24వ అధ్యాయంలో, నీ శత్రువు పడినప్పుడు సంతోషింపకుము అని రాశారు, లేనిదాన్ని వద్దని ఎవరూ రాయరు కదా. దాని కింద వచనం చూశారా? నువ్వు సంతోషిస్తే దేవుడు అది చూసి, అసహ్యించుకుని, వాడి మీద ఉన్న కోపం కాస్తా తీసేసుకుంటాడేమో అని ఉంటుంది. అంటే మీరు లోపల్లోపల నవ్వుకుంటే మీ అక్క తరఫున కేసు మీరే గెలిపించినట్టు! నాకు ఆ వచనం చదివినప్పుడల్లా నవ్వొస్తుంది. భయపడకండి, ఆ సంతోషాన్ని పేరు పెట్టి దేవుడి ముందు ఒప్పుకోండి, ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లండి. మనసు శుభ్రపడేదాకా మేలు చేయకూడదని ఆగితే మనలో ఎవరూ ఎవరికీ గ్లాసుడు మంచినీళ్లు కూడా ఇవ్వలేం.

నాకూ ఒక క్యారేజీ కథ ఉంది. పాతికేళ్ల కిందట మేం ఉన్న వాటాలో ఎదురింటావిడ మా పెద్దాడి మీద దొంగతనం మోపింది. వాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ తర్వాత కొన్నాళ్లకు వాళ్లాయనకు టైఫాయిడ్ వస్తే నేను రోజూ పొద్దున్నే జావ కాచి తీసుకెళ్లేదాన్ని. ఎప్పుడు? సరిగ్గా ఏడింటికి, కుళాయి దగ్గర ఆడవాళ్లందరూ బిందెలు పెట్టుకుని నిలబడే టైముకి. మూత పెట్టకుండా, ఆవిర్లు కనబడేలాగా. అప్పుడు మా అమ్మ ఊరినుంచి వచ్చి ఉంది. నాలుగు రోజులు ఏమీ అనకుండా చూసి అయిదో రోజు అడిగింది, "ఆ జావ ఆ ఇంటికా, కుళాయి దగ్గరున్నవాళ్లకా?" అని. ఆ మాట ఇప్పటికీ నా ఒంట్లో ఎక్కడో గుచ్చుకునే ఉంది. మర్నాటినుంచి పెరటి దారిన వెళ్లడం మొదలుపెట్టాను. చూసేవాళ్లు లేకపోయేసరికి ఆ గిన్నె ఎంత బరువెక్కిందో! అప్పుడు తెలిసింది నాకు, నేను నాలుగు రోజులుగా మోస్తున్నది మేలు కాదు, పగే, కాకపోతే జావ గిన్నెలో పోసుకుని మోస్తున్నాను.

అందుకే నిప్పుల మాట దగ్గరికి వస్తున్నాను. రోమా 12:20లో పౌలు ఆ మాట సామెతలు 25 నుంచి తీసుకున్నాడు. దీని మీద రకరకాల ప్రసంగాలు వినే ఉంటారు. పూర్వం పొయ్యి ఆరిపోతే ఇరుగుపొరుగు కుండలో నిప్పులు పోసి నెత్తిన పెట్టి పంపేవారు, అదే ఇది అని కొందరు చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ సామెతల్లో ఆ ఊసేమీ లేదు. పైగా కీర్తన 140లో కణకణలాడే నిప్పులు శత్రువుల మీద పడాలని కోరుకుంటాడు కీర్తనకారుడు, అక్కడ అది పొయ్యి కోసం కాదు. కాబట్టి ఆ మాటలో మంట ఉంది, లేదని నేననను. మేలు అందుకున్నవాడికి తాను చేసింది గుర్తొచ్చి తల వేడెక్కుతుంది, సిగ్గు పుడుతుంది, ఆ సిగ్గు కొందరిని మారుస్తుంది, కొందరిని ఇంకా మొండి చేస్తుంది. ఏది జరుగుతుందన్నది మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నది అన్నం. ఇంకొకటి గమనించండి, సామెతల్లో ఆ వచనం చివర యెహోవా నీకు ప్రతిఫలమిస్తాడు అని ఉంటుంది, పౌలు ఆ ముక్క వదిలేశాడు. ఎందుకు వదిలేశాడో ఆయన చెప్పలేదు గానీ, నా మటుకు నాకు అది మంచిదే అనిపిస్తుంది. నిప్పులూ మనం లెక్కపెట్టక్కర్లేదు, బహుమానమూ లెక్కపెట్టక్కర్లేదు, వెంటనే వచ్చే మాట "కీడువలన జయింపబడక" అని. అంటే ఎదుటి మనిషి గెలిచిందా ఓడిందా అని కాదు ఆయన చూస్తున్నది, ఆ కీడు మిమ్మల్ని కూడా తనలాగే చేసేసిందా లేదా అన్నది.

ఇంకోటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీ వాట్సాప్ స్టేటస్‌లో "నా శత్రువులయెదుట నీవు నాకు భోజనము సిద్ధపరచుదువు" అని ఈ రెండేళ్లలో ఎప్పుడైనా పెట్టారా? పెట్టకపోతే సంతోషం, నన్ను క్షమించండి. పెట్టి ఉంటే అది ఎవరు చూడాలని పెట్టారో మీకూ తెలుసు, చూశాక ఆవిడ తిరిగి ఏ వచనం పెట్టిందో కూడా మీకు గుర్తుండే ఉంటుంది. మన సంఘాల్లో సగం యుద్ధాలు దావీదు కీర్తనలతోనే జరుగుతున్నాయి ఈ మధ్య.

ఇక, క్యారేజీ పంపితే తప్పు ఒప్పుకున్నట్టు కాదా అన్నారు. అనుకునేవాళ్లు అనుకుంటారు. పంపకపోతే "చూశారా, మనిషి చావుబతుకుల్లో ఉన్నా రాలేదు, అందుకే నగలూ తీసుంటుంది" అంటారు. ఎటూ అంటారు కాబట్టి వాళ్ల నోటిని బట్టి మీ వంట మానుకోకండి. కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. మేలు చేయడం అంటే నింద మోయడం కాదు. రెండో చెంప చూపమన్న యేసే, ప్రధాన యాజకుని ఇంట్లో ఒక బంట్రోతు చెంప మీద కొట్టినప్పుడు ఏం చేశాడో యోహాను 18లో చూడండి. తిరిగి కొట్టలేదు, శపించలేదు, అలాగని తల వంచుకుని ఊరుకోనూ లేదు. నేను కాని మాట ఆడితే ఆ కాని మాట ఏదో చెప్పు, మంచి మాటయితే నన్నెందుకు కొడుతున్నావు అని మొహం మీదే అడిగాడు. మీరూ అడగొచ్చు. ఆవిడ మంచం మీద ఉన్నప్పుడు కాదు, లేచి నాలుగడుగులు వేశాక, ఒక్కరే వెళ్లి, "అక్కా, అత్తయ్య నగలు నేను తీశానని నువ్వు అన్నావని విన్నాను, నేను తీయలేదు, నువ్వు ఏం చూసి అలా అన్నావో చెప్పు" అని. మత్తయి 18లో ఉన్న వరస కూడా అదే, ముందు ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, అప్పటికీ వినకపోతే సంఘానికి. మనం మాత్రం ఎప్పుడూ తిరగేసి చేస్తాం, ముందు సంఘమంతటికీ చెప్పేసి, ఆఖరికి ఆ మనిషికి. మీ అక్క చేసింది అదే. మీరు ఈ రెండేళ్లలో ఆవిడ గురించి ఎంతమందికి చెప్పారో నేనడగను, మీరే లెక్క వేసుకోండి.

నోటు సంగతికి వద్దాం, మీ అసలు టెన్షన్ అదేనని నాకు అర్థమైంది. మీ పాస్టర్ గారు చూపించింది 1 కొరింథీయులకు 6వ అధ్యాయం. ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ అధ్యాయాన్ని మధ్యలో ఆపేస్తున్నారు. విశ్వాసులు అన్యజనుల న్యాయస్థానానికి వెళ్లడం సిగ్గుచేటు అని పౌలు అన్నమాట నిజమే. కానీ అయిదో వచనంలో ఆయన సంఘాన్ని నిలదీస్తున్నాడు, అన్నదమ్ముల మధ్య తగవు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడూ లేడా అని. అంటే నష్టపోయినవాళ్లని నోరు మూసుకోమని కాదు, పెద్దమనుషులని కూర్చోమని. ఎనిమిదో వచనంలో ఎగ్గొట్టేవాళ్ల మీదికి వెళ్తాడు, మీరే అన్యాయం చేస్తున్నారు, అదీ మీ సహోదరులకే అని. మీ బావగారికి ఆ వచనం ఎవరైనా చదివి వినిపించారా? మధ్యలో ఏడో వచనం ఉంది, అన్యాయం సహించడం మేలు కాదా, నష్టపోవడం మేలు కాదా అని. దాన్ని దాటవేయను. అది నిజంగా ఒక దారి. మీరూ మీ ఆయనా కూర్చుని ప్రార్థన చేసుకుని, ఈ డబ్బు వదిలేద్దాం అని మనస్ఫూర్తిగా అనుకుంటే, నోటు చించేసి వాళ్ల చేతిలో పెట్టండి, నేను చప్పట్లు కొడతాను. కానీ అది మీరు ఇవ్వాల్సిన కానుక, ఇంకొకరు మీ చేత ఇప్పించేది కాదు. రెండున్నర లక్షలు మీ ఇంట్లో ఎవరి ఫీజో, ఎవరి పెళ్లో అయ్యుంటుంది. బలవంతాన వదిలించిన డబ్బు మనసులో నోటు కన్నా గట్టి నోటుగా మిగులుతుంది, దానికి మూడేళ్ల గడువు కూడా ఉండదు.

కాబట్టి చేయాల్సిందేమిటంటే, పాస్టర్ గారి దగ్గరికి మీ ఆయన్ని పంపి, "అయ్యా, మేం కోర్టుకు వెళ్లం, మీరే కూర్చోబెట్టండి, ఇద్దరు పెద్దల ముందు బావగారు నోటు తిరగరాసిస్తే చాలు" అని అడగమనండి. ప్రామిసరీ నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్లు గడువు. ఆ లోపల కొత్త నోటు రాయించుకున్నా, లేదా ఆయన ఎంతో కొంత, అయిదు వేలో పదివేలో కట్టి నోటు వెనకాల చెల్లు రాసి తేదీ వేసి సంతకం పెట్టినా, మళ్లీ ఆ తేదీ నుంచి మూడేళ్లు వస్తాయి. లాయర్ నోటీసు ఇస్తే గడువు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు, ఉత్త నోటీసుకు గడువు పెరగదు. కాలదోషం పట్టాక అడిగితే వాళ్ల మంచితనం మీద ఆధారపడి మీరే అడుక్కోవాల్సి వస్తుంది, అప్పుడు లోపల పుట్టే కోపం ఇప్పటికంటే పదింతలు. దాన్ని రాకుండా ఆపుకోవడం కూడా సమాధానంగా ఉండడంలో భాగమే. ఆసుపత్రి ఖర్చు ఉంది కాబట్టి వడ్డీ కొంత తగ్గిస్తామనో, ఆరు నెలలు ఆగుతామనో మీరు అనగలిగితే అనండి, అది అచ్చంగా మేలు. ఆయన అసలు సంతకమే పెట్టనంటే, పెద్దలు కూడా చేతులెత్తేస్తే, గడువు లోపల లాయర్‌ని కలిసి దావా వేయడం పగ తీర్చుకోవడం అవదని నా అభిప్రాయం. పగతీర్చుట నా పని అని దేవుడన్న మాట రోమా 12 చివర్లో ఉంది, దాన్ని దాటి ఆరు వచనాలు వెళ్లేసరికి 13లో అధికారులు కీడు చేసేవాళ్ల విషయంలో దేవుని పరిచారకులు అని ఉంది. అధ్యాయం మారిందని మనం అక్కడ ఆగిపోతాం గానీ పౌలు రాసింది ఒక్క ఉత్తరం, అందులో అధ్యాయాల అంకెలు లేవు. ఆయనే రోమా చక్రవర్తి కైసరు ఎదుట చెప్పుకుంటానని పైకోర్టుకు వెళ్లినవాడు.

నోటు మాట ఆవిడ మంచం దగ్గర మాత్రం ఎత్తకండి. ద్వితీయోపదేశకాండం 24లో ఒక చిన్న ఆజ్ఞ ఉంది, అప్పిచ్చినవాడు తాకట్టు తీసుకోవడానికి అప్పు తీసుకున్నవాడి ఇంట్లోకి వెళ్లకూడదు, బయట నిలబడాలి, వాడే తెచ్చి ఇవ్వాలి అని. అప్పుపడ్డవాడికి కూడా ఇంటి గడప లోపల పరువు ఉంటుందని. నాకు చాలా ఇష్టమైన ఆజ్ఞ అది. క్యారేజీ లోపలికి వెళ్తుంది, నోటు బయట నిలబడుతుంది. మీ అక్క అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ "ఇది డబ్బుల కోసం పంపుతున్నారు" అనుకునే అవకాశం మీరు ఇవ్వకూడదు, అందుకే రెండూ ఒకే రోజు వద్దన్నాను.

క్షమించడం, చట్టం రెండూ ఒక మనిషిలో ఎలా పడతాయి అని మీకు అనిపిస్తే గ్లాడిస్ స్టెయిన్స్ గారిని తలుచుకోండి. 1999 జనవరి 22 రాత్రి ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో బండిలో నిద్రపోతున్న ఆవిడ భర్త గ్రాహమ్ స్టెయిన్స్‌నీ, పదేళ్ల ఫిలిప్‌నీ, ఆరేళ్ల తిమోతినీ సజీవంగా తగలబెట్టారు. ఆవిడ క్షమించానని చెప్పింది, కూతుర్ని పెట్టుకుని బారిపదలోనే ఉండిపోయి కుష్ఠురోగుల సేవ కొన్నేళ్లు కొనసాగించింది. ఆవిడ క్షమించినందుకు కేసు ఆగలేదు, అది దాని దారిన నడిచి 2011లో సుప్రీంకోర్టు ప్రధాన నిందితుడికి యావజ్జీవం ఖాయం చేసింది. ఆవిడ క్షమాపణ అబద్ధమని ఎవరైనా అనగలరా? మన రెండున్నర లక్షలూ నానుతాడూ దాని పక్కన పెట్టి చిన్నబుచ్చాలని కాదు, మీ నొప్పి మీకు పెద్దదే.

ఇంకో భయం మీరు రాయలేదు గానీ నాకు కనబడుతోంది, ఇప్పుడు దగ్గరైతే మళ్లీ పాత రోజుల్లాగే కలిసిపోవాలేమో, మళ్లీ అప్పు అడుగుతారేమో, ఇంటి తాళం చెవులు ఇచ్చిపుచ్చుకోవాలేమో అని. అక్కర్లేదు. తనను చంపాలని తరుముతున్న సౌలు రాజు ఏన్‌గెదీ గుహలో తన చేతికే చిక్కితే దావీదు చంపలేదు, అంగీ చెంగు మాత్రం కోశాడు. సౌలు గొంతెత్తి ఏడ్చాడు, నువ్వు నాకంటె నీతిమంతుడివి అన్నాడు. అంతా అయ్యాక ఏమైంది? సౌలు ఇంటికి వెళ్లాడు, దావీదు తన మనుషులతో కొండల్లోకి వెళ్లిపోయాడు. ఆ ఏడుపు నమ్మి వెనకాలే వెళ్లలేదు. క్షమాపణ ఒక్కరోజులో ఇవ్వొచ్చు, నమ్మకానికి మాత్రం టైం పడుతుంది. అందరితో సమాధానంగా ఉండమన్నచోట కూడా "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అని పౌలు రెండు ముడులు వేసి మరీ చెప్పాడు.

(ఇది చదివే వేరే చెల్లెళ్లకి ఒక మాట. మీ ఇంట్లో కీడు అంటే తాగొచ్చి కొట్టడం అయితే ఈ క్యారేజీ సలహా మీకు కాదు. ముందు అక్కడినుంచి బయటపడండి, 181కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి, ఓర్చుకోమని వచనం చూపించే పెద్దలతో తర్వాత మాట్లాడదాం.)

చేతనైనంత మట్టుకు అన్నాను కాబట్టి, రోజూ మూడు పూటలా మొదలుపెట్టకండి. మీ ఆయనకు ఉత్సాహం ఉంది గానీ వండేది మీరు. నెలన్నర పాటు మోయాల్సిన పని ఇది, మొదటి వారం బిర్యానీ దాకా వెళ్లి రెండో వారం మొహం మాడ్చుకోవడం కంటే మధ్యాహ్నం ఒక్కపూట అన్నం, బీరకాయ కూర, పలచటి చారు చాలు. రాత్రికి సంఘంలో ఇంకో ఇద్దరిని అడగండి, మంగళవారం స్త్రీల కూటంలో పాటలు పాడే చేతులు అవే కదా. పప్పు తింటే చీము పడుతుందని బావగారు ఏదైనా పట్టింపు పెడితే వాదించకండి, డాక్టర్‌ని అడగమనండి. మొదటి రెండు రోజులు మీ ఆయన చేత పంపినా ఫరవాలేదు, మూడో రోజు మీరే వెళ్లండి, మీ అక్క మొహం గోడ వైపు తిప్పుకున్నా "అక్కా, నొప్పి తగ్గిందా" అని అడిగి, గిన్నె పెట్టి, వచ్చేయండి. కూర్చోకండి. ప్రార్థన చేయనా అని అప్పుడే అడగకండి కూడా, దాన్ని కూడా వాదనలాగా వాడుకునే తెలివి మనకుంది.

ఇరుగుపొరుగు ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదని మన వైపు పట్టింపు కదా, కాస్త పంచదారో రెండు అరటిపళ్లో వేసి ఇస్తాం. మీ క్యారేజీ చాలా రోజులు ఖాళీగానే రావచ్చు, బావగారు కడక్కుండానే ఇచ్చేయొచ్చు. అది లెక్కలో రాసుకోకండి. తోమి బోర్లించండి, మర్నాటికి కావాలిగా.